బట్టతలకి పీఆర్పీ, మైక్రోనీడ్లింగ్, లేజర్ మూడూ కలిపి చేయించుకుంటే ఫలితం ఎక్కువ ఉంటుందా?

కలపొచ్చు. కానీ రోజూ వాడే మందు లేకుండా ఆ మూడూ కలిపితే డబ్బు దండగ. పీఆర్పీ అంటే మన రక్తాన్నే మిషన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని నెత్తిలోకి సూదితో ఎక్కించడం. మైక్రోనీడ్లింగ్ అంటే సన్న సూదులతో నెత్తి చర్మాన్ని గుచ్చడం. లేజర్ అంటే నెత్తి మీద తక్కువ శక్తి కాంతి పెట్టడం. నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీయడం, మిషన్లో తిప్పడం నా పని కాబట్టి ట్యూబు దగ్గర్నుంచే చెప్తాను.

మా అప్ప కొడుకు ఆమదాలవలసలో ఉంటాడు. పాతికేళ్ళు నిండాయో లేదో నడినెత్తి పల్చబడింది. సంబంధాలు చూస్తున్న రోజులు. ఫోటో చూసి ఒకరిద్దరు వద్దన్నారని అప్ప అన్నం మానేసింది. జుట్టు చూసి మనిషికి మార్కులేసే ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం, అది వేరే సంగతి. వాడు ఫోన్లో ప్రకటన చూసి విశాఖలో ఒక హెయిర్ సెంటర్‌కి బయల్దేరితే తోడు వెళ్ళాను.

అక్కడ మాకు డాక్టరు కనబడలేదు. కౌన్సిలర్ అట, ఒక అమ్మాయి, వాడి నెత్తి మీద కెమెరా పెట్టి టీవీలో చూపించింది. వెంటనే ప్యాకేజీ కాగితం తీసింది. పీఆర్పీ, మైక్రోనీడ్లింగ్, లేజర్, మెసోథెరపీ (విటమిన్ల లాంటివి నెత్తిలోకి సూదితో ఎక్కించడం), వాటి మీద బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు, అన్నీ మొదటి రోజు నుంచే. డబ్బు లేకపోతే ఈఎంఐ.

"మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ రాస్తారా అమ్మా?" అన్నాను. నేను పైన చెప్పిన రోజూ వాడే మందులు ఇవే.

"మా దగ్గర కెమికల్స్ వాడం సార్, అంతా న్యాచురల్."

"పీఆర్పీకి రక్తం ఎన్నిసార్లు తిప్పుతారు? ప్లేట్‌లెట్లు లెక్క చూస్తారా?"

ఆ అమ్మాయి లోపలికెళ్ళి ఎవరినో అడిగొచ్చి, "మిషన్ ఆటోమేటిక్ సార్" అంది. పక్కనే అద్దాల గది. ఒక కుర్రాడు వేరే పేషెంటు ట్యూబు తీసి, పైన తేలిన పసుపు నీళ్ళు సిరంజిలోకి లాగేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది అడుగున, ఎర్రకణాల మీద పేరుకునే తెల్లపొర దగ్గర. పైపైన తీసిన దాంట్లో అవి తక్కువ. మామూలు రక్తంలో మైక్రోలీటరుకి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి, మంచి పీఆర్పీలో పది లక్షల దరిదాపుల్లో ఉండాలంటారు. ఆ సిరంజిలో ఎన్ని ఉన్నాయో అక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు. సూది పోటు, డబ్బు ఖర్చు మాత్రం ఆ పేషెంటువి.

"ఏటి మావయ్యా, కట్టీమంటావా?" అన్నాడు మా వాడు.

"ముందు బయటికి రారా, సెప్తాను."

వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. మా వాడిలా మగవాళ్ళకి వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో డీహెచ్‌టీ అనే హార్మోను వెంట్రుక కుదుళ్ళని ఏళ్ళ తరబడి సన్నం చేసుకుంటూ పోతుంది. దాన్ని తగ్గించేది ఫినాస్టరైడ్. సన్నబడిన కుదురుని పెరిగే దశలో ఎక్కువ కాలం నిలిపేది మినాక్సిడిల్. సూదులు గానీ పీఆర్పీ గానీ డీహెచ్‌టీని ఆపవు. మందు లేకుండా అవి చేయించుకోవడం తడి లేని మడిలో యూరియా చల్లడమే.

కలపడం వల్ల లాభం లేదని నేననను. 2013లో ముంబయి వైద్యులు 100 మంది మగవాళ్ళని రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకి మినాక్సిడిల్ ఒక్కటే, రెండో జట్టుకి మినాక్సిడిల్‌తో పాటు వారానికోసారి 1.5 మి.మీ. సూదుల రోలర్. 12 వారాలకి లెక్కపెట్టిన చోట మొదటి జట్టుకి సగటున 22 వెంట్రుకలు పెరిగితే రెండో జట్టుకి 91 పెరిగాయి. నాకు నచ్చిన జోడీ ఇదే. లేజర్ అయితే వారానికి రెండు మూడుసార్లు పెట్టించుకోవాల్సిన పని. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్లు పోయి నెలకోసారి లేజర్ కింద కూర్చుంటే ఏం వస్తుంది?

ఇంకోటి, అన్నీ ఒకే రోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పడలేదో ఎవరికి తెలుస్తుంది? మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి జుట్టు ఇంకా రాలుతుంది, అది మామూలే. అప్పుడే నాలుగు చికిత్సలు నడుస్తుంటే జనం భయపడి నాలుగూ మానేస్తారు. ముందు మందు, అయిదారు నెలలు ఆగి ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూడడం, తర్వాత సూదులు, అప్పటికీ చాలకపోతే పీఆర్పీ. నా లెక్క ఇది.

బయోటిన్ గురించి చెప్పకుండా ఉండలేను. పెద్ద డోసు బయోటిన్ మింగుతూ రక్తమిస్తే కొన్ని మిషన్లలో థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది. లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు కాగితం వస్తుంది. రక్తమిచ్చే ముందు బయోటిన్ సంగతి ల్యాబ్‌లో చెప్పండి, రెండు రోజులు ముందే ఆపాలేమో డాక్టరుని అడగండి. ఫినాస్టరైడ్ వాడే పెద్దవాళ్ళు ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్త పరీక్షప్పుడు ఆ మాట చెప్పి తీరాలి, ఆ మందు పీఎస్ఏని దాదాపు సగానికి దించేస్తుంది. ఏ ప్యాకేజీ కాగితం మీదా నేనీ ముక్క చూడలేదు.

ఆడవాళ్ళయితే ముందు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ చూపించుకోండి, నెలసరి సరిగా లేకపోతే పీసీఓడీ (అండాశయాల సమస్య) కూడా. గర్భంతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు ఫినాస్టరైడ్ జోలికి పోకూడదు. మగవాళ్ళలోనూ కొద్దిమందికి కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండడం జరుగుతుంది. అందుకే రాసిచ్చేది చర్మ డాక్టరే కావాలి, కౌన్సిలర్ కాదు.

మా వాడిని మా ఊళ్ళోనే చర్మ డాక్టరు గారికి చూపించాం. ఆయన రెండు మందులూ రాశారు, కొన్ని నెలలకి మైక్రోనీడ్లింగ్ కలిపారు. నడినెత్తి బాగా నిండింది, నుదుటి మూలలు మాత్రం అలాగే ఉన్నాయి. పీఆర్పీ కావాలో వద్దో సంక్రాంతి వెళ్ళాక ఫోటోలు చూసి చెప్తానన్నారు.