పెరటి పిన్నిగారి జవాబు: గోడకి పరిచిన జామ

ప్రశ్న: పిన్నిగారూ, మాది సీతమ్మధారలో చిన్న ఇల్లు. తూర్పున, పడమర చెరో ఆరడుగుల జాగా ఉంది, ప్రహరీ నడుమెత్తే. ఫ్రాన్సులో ఆపిల్ చెట్లని గోడకి చాపలా పరిచి పెంచుతున్న వీడియో మా తమ్ముడు చూపించాడు. నా దగ్గర రెండేళ్ళ బంగినపల్లి అంటు ఉంది. దాన్ని అలా పెంచొచ్చా? ఇంటి పడమటి గోడకి ఎండ బాగా తగులుతుంది, అక్కడ నాటనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మావిడిని వదిలెయ్యమ్మా. ఆపిల్‌కి పొట్టి పొట్టి కణుపుల మీద ఏటేటా అక్కడే పూత వస్తుంది. పక్క రెమ్మలు ఎన్ని కత్తిరించినా కాపు పోదు. మావిడి పూసేది ముదిరిన కొమ్మ కొసన. గోడ దాటి వచ్చిందని కొస తుంచావంటే పూతని తుంచినట్టే. జామ అలా కాదు, కొత్త రెమ్మ మీద ఆకుల మొదట్లో పూస్తుంది. కత్తిరించినకొద్దీ కాస్తుంది.

పడమటి గోడ మాటంటావా, ఆ తప్పు నేను చేసేశాను. చెట్టుని గోడకి పరిచి పెంచే ఈ పద్ధతిని ఎస్పాలియర్ అంటారు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కోసం వెర్సాయ్‌లో ఆయన తోటమాలి లా క్వింటినీ 1678-83 మధ్య వేసిన తోటలో ఇలాంటి గోడలే ఉన్నాయి. ఆ చలిదేశంలో గోడ పగలంతా ఎండ తాగి, రాత్రి చెట్టుకి కాక పెడుతుంది. మన విశాఖలో ఆ కాక ఎవడిక్కావాలి! మే నెలలో పొద్దు గూకాక కూడా మా పడమటి గోడ మీద చెయ్యి ఆనదు. అక్కడ పెట్టిన నిమ్మకి ఆకుల అంచులు మాడాయి, పిందెలు గోళీకాయంత కాకుండానే రాలిపోయాయి. నువ్వు ఇంటి తూర్పు గోడకే జామని నాటు, పొద్దుటెండ చాలు.

హుద్‌హుద్ తుపాను నాడు, అంటే 2014 అక్టోబరు 12న, మా పెదవాల్తేరు పెరట్లో గుబురుగా ఎదిగిన జామ వేళ్ళతో సహా ఒరిగిపోయింది. మళ్ళీ అంత చెట్టు పెంచే ధైర్యం లేక ఈ గోడ పని మొదలెట్టాను. మొదట జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనప తీగ, లాగాను. సముద్రపు గాలికి రెండో వానాకాలం నాటికే తుప్పుపట్టి తెగింది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ కొను, కొక్కేలు కూడా అవే. గోడకి బెత్తెడు ఎడంగా, మోకాలెత్తులో మొదటి వరస, ఆపైన మూరకొకటి చొప్పున మూడు వరసలు. మొక్కని గోడకి అడుగు దూరంలో నాటు.

నర్సరీలో ఒకే కాడతో ఉన్న పిల్లమొక్కని అడుగు. కడియం నుంచి వచ్చే తైవాన్ పింక్ రకం జామ అయితే చిన్నప్పుడే కాస్తుంది. మొదటి తీగ దగ్గర తల నరికెయ్. మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. వచ్చే చిగుళ్ళలో మూడే ఉంచు, ఒకటి పైకి, రెండు చెరో పక్కకి. పక్కవాటిని ఒక్కసారే పడుకోబెట్టకు. ముందు ఏటవాలుగా కట్టి, నెల పోయాక ఇంకాస్త దించు. నిటారు కొమ్మకి కొసదే పెత్తనం, కింది మొగ్గల్ని లేవనివ్వదు. కొమ్మని పడుకోబెడితే కణుపు కణుపునా చిగురే. రెమ్మ పెన్సిలంత లావుండి, పచ్చగా ఉండగానే వంచాలి. గోధుమరంగు తిరిగాక వంచితే పుటుక్కుమంటుంది. అందుకే పది రోజులకోసారి కాఫీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళక తప్పదు.

కట్టడానికి పాత నూలుచీర పేలికలు వాడు, ఎనిమిది అంకెలా వదులుగా చుట్టు. నేను ఒకసారి ఇంట్లో పడున్న రాగి తీగ బిగించాను. వానల్లో కొమ్మ లావెక్కి తీగని మింగేసింది, చిన్న గాలికే అక్కడ విరిగింది.

రెండో ఏడు నుంచి మే నెలలో పక్క రెమ్మల్ని సగానికి కత్తిరించు. వానాకాలపు కాయ నీళ్ళనీళ్ళగా, పురుగుతో ఉంటుంది. ఇలా కత్తిరిస్తే కాపు శీతాకాలానికి జరుగుతుంది, ఆ కాయ రుచే వేరు. పిండినల్లి పడితే గోడవైపు ఆకుల వెనక చూడు, అక్కడే దాక్కుంటుంది. ముందు నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టు, తరవాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యి.

బంగినపల్లి అంటుని ఖాళీ జాగా ఉన్న చుట్టాలెవరికైనా ఇచ్చెయ్. కాయలు కాశాక బుట్టెడు పంపమని ఇప్పుడే మాట తీసుకో.