ప్రాస్పెక్టస్‌లో హాస్టల్ ఉందన్నారు, చేరాక గది లేదంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయికి ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ‘బాలికలకు క్యాంపస్‌లో హాస్టల్ వసతి కలదు’ అని ప్రాస్పెక్టస్‌లో చూసి ధైర్యంగా చేర్పించాం. తీరా చేరాక, గదులన్నీ సీనియర్లతో నిండిపోయాయి, ఫస్టియర్ వాళ్లు బయట చూసుకోండి అంటున్నారు. హాస్టల్ సీటు అడిగే హక్కు మాకు లేదా?
– ఒక తండ్రి

జవాబు: చేదు మాట ముందే చెబుతాను. అడ్మిషన్ దొరికిన ప్రతి విద్యార్థికీ గది ఇచ్చి తీరాలన్న చట్టం మనకు లేదు. ర్యాగింగ్ నివారణకు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2009లో తెచ్చిన నిబంధనల్లో ‘ఫస్టియర్ వాళ్లకు వేరే బ్లాకు’ అన్న మాట ఉంది కదా అని చాలామంది అడుగుతారు. అది వీలైనంత వరకు సీనియర్లకు దూరంగా ఉంచమనడమే, గదికి హామీ కాదు.

మీ బలమంతా ప్రాస్పెక్టస్‌లోని ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. దాని పక్కనో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనో ‘ఖాళీలను బట్టి’ అని ఉందేమో చూడండి. ఉంటే గది ఎందుకివ్వలేదని కాదు, ఉన్న గదులు ఏ పద్ధతిలో పంచారని అడగాలి. లేకపోతే మీ వాదన గట్టిది. ఏదైనా సరే, ఆ పేజీని ఈరోజే డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసి పెట్టుకోండి. వెబ్‌సైట్‌లో వాక్యాలు చడీచప్పుడు లేకుండా మారిపోవడం నేను చూశాను.

విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి యూజీసీ 2023లో నిబంధనలు తెచ్చింది. ప్రాస్పెక్టస్‌లో చెప్పిన సదుపాయం కల్పించకపోవడం, అందులో తప్పుదోవ పట్టించే సమాచారం ఇవ్వడం, రెండూ వాటి కిందికి వస్తాయి. మీ అమ్మాయి పేరుతోనే యూనివర్సిటీ ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. కమిటీ వీలైనంత వరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే, నిర్ణయం చేతికందిన 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు (కమిటీ నిర్ణయాలపై అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు.

దీంతోపాటే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పడేయండి. మొత్తం గదులెన్ని, ఎవరెవరికి ఏ ప్రాతిపదికన ఇచ్చారు, కోర్సు అయిపోయినా ఖాళీ చేయనివాళ్లు ఎంతమంది? 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చివరి ప్రశ్నకే గదులు బయటపడిన సందర్భాలున్నాయి.

కన్జ్యూమర్ కోర్టుకు వెళ్దామని ఎవరైనా చెబితే తొందరపడకండి. విద్యార్థి వినియోగదారుడు కాడని సుప్రీంకోర్టు 2010లో ఒక యూనివర్సిటీ కేసులో తేల్చింది. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేసే దారి ఉంది. కానీ లేని గదిని కోర్టు కూడా కట్టించి ఇవ్వలేదు. పక్షపాతంగా పంచారని చూపగలిగితేనే అక్కడ పని జరుగుతుంది. అందుకే పైన చెప్పిన కాగితాలు ముందు చేతికి రావాలి.

ఇంకొకటి. ‘వసతి మేమే చూసుకుంటాం’ అని రాసి సంతకం పెట్టమంటే అమ్మాయిని పెట్టనివ్వకండి. తప్పనిసరైతే ‘హాస్టల్ గది కోసం నా దరఖాస్తు పెండింగులో ఉంది’ అని ఆ కాగితం మీదే రాసి, ఫొటో తీసుకుని అప్పుడు సంతకం పెట్టమనండి.