24 ఏళ్ల వయసులో హెచ్‌పీవీ టీకా వేయించుకోవడం దండగా?

దండగ కాదు, వేయించుకోండి. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, గర్భాశయ ముఖద్వార కేన్సర్ తెచ్చేది. ఈ టీకా దాన్ని అడ్డుకునేది. జవాబు ముందే చెప్పేశాను కాబట్టి కారణాలు తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు రాసింది ఇదీ: 24 ఏళ్లు, చెన్నైలో ఉద్యోగం, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆఫీసులో ఫ్రెండ్ "అది స్కూలు పిల్లల టీకా, మనకు టైం దాటిపోయింది" అంది. అమ్మగారు "ఇప్పుడెందుకు, పెళ్లయ్యాక చూద్దాం" అన్నారు. దానికి తోడు ఖమ్మంలో ఈ టీకా వేసిన ఆడపిల్లలు చనిపోయారట కదా అని ఒక భయం. డాక్టరేమో రెండు పేర్లు, రెండు రేట్లు చెప్పి మీ ఇష్టం అని వదిలేశారు. నేనూ కావలి నుంచి వచ్చి చెన్నై షోళింగనల్లూరులో పీజీలో ఉంటూ, 25 నిండాక ఈ టీకా వేయించుకున్నదాన్నే. డాక్టర్ని కాదు. అప్పట్లో చదివింది, అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

"టైం దాటిపోయింది" అన్న మాటలో సగం నిజం ఉంది. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కేన్సర్ దాదాపు ప్రతి కేసులోనూ హెచ్‌పీవీ వల్లే వస్తుంది. ఆ సంబంధం బయటపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హారల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ వైరస్ శారీరక సంబంధాల ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. టీకా చేసే పనల్లా కొత్తగా వచ్చేదాన్ని అడ్డుకోవడం. ఈ వైరస్‌లో చాలా రకాలున్నాయి, ఒంట్లో అప్పటికే చేరిన రకాన్ని టీకా తీసేయలేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే ఫలితం ఎక్కువ. అంతమాత్రాన 15 రాగానే పనికిరాకుండా పోదు.

ఎంత పనికొస్తుందో లెక్కలున్నాయి. స్వీడన్‌లో 2006 నుంచి 2017 దాకా దాదాపు 16.7 లక్షల మంది అమ్మాయిల, స్త్రీల వివరాలు పరిశీలించారు. 17 ఏళ్లలోపు టీకా వేసుకున్నవాళ్లలో ఈ కేన్సర్, వేసుకోనివాళ్లతో పోలిస్తే 88 శాతం తక్కువగా కనిపించింది. 17 నుంచి 30 ఏళ్ల మధ్య వేసుకున్నవాళ్లలో 53 శాతం తక్కువ. మీరూ నేనూ ఈ రెండో గుంపులోకి వస్తాం. 88తో పోలిస్తే 53 చిన్నగా కనిపిస్తుంది కానీ, అసలు వేసుకోకపోవడంతో పోల్చి చూడండి. కేన్సర్ ముప్పును సగానికి పైగా తగ్గించే సూదిని ఎందుకు వదులుకోవాలి చెప్పండి?

పైగా ఆ 53 శాతం సగటు లెక్క. ఆ గుంపులో టీకా నాటికే వైరస్ సోకినవాళ్లూ ఉంటారు, సోకనివాళ్లూ ఉంటారు. మీకు ఇప్పటిదాకా ఎవరితోనూ అలాంటి సంబంధం లేకపోతే, వైరస్ విషయంలో మీరింకా మొదటి మెట్టు మీదే ఉన్నట్టు. ఉందనుకోండి, అప్పుడు కూడా టీకాలో ఉన్న రకాలన్నీ ఒకేసారి సోకి ఉండటం చాలా అరుదు. రానివాటి నుంచి రక్షణ ఉంటుంది. ఇందులో మీరు ఏ కోవకు చెందుతారో మీకు తెలిస్తే చాలు, ఇక్కడ రాయనక్కర్లేదు, ఇంట్లో చెప్పనక్కర్లేదు. టీకాకు ముందు హెచ్‌పీవీ టెస్టు కూడా అక్కర్లేదు. ఎవరైనా ముందు టెస్టు చేయించుకుని రమ్మంటే ఎందుకని అడగండి.

ఇక అమ్మగారి మాట. వైరస్ సోకక ముందు వేస్తేనే టీకాకు పూర్తి బలం. పెళ్లయ్యాక అంటే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకున్నట్టే. మీరెంత పద్ధతిగా ఉన్నా, వచ్చే అబ్బాయికి గతంలో ఏముందో మీకు తెలియదు. పాపం, ఒక్కోసారి అతనికీ తెలియదు, ఎందుకంటే మగవాళ్లలో ఈ వైరస్ చాలావరకు ఏ లక్షణమూ లేకుండా ఉంటుంది. జాతకాలు, జీతాలు చూస్తాం గానీ దీన్ని చూసే మార్గం లేదు.

నాకు ఈ విషయం పట్టింది మా పెద్దమ్మ వల్ల, ఆవిడకు ఇదే కేన్సర్ వచ్చింది. ముట్లు ఆగిపోయి కొన్నేళ్లయ్యాక మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ కూర్చుంది. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగింది. అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకొచ్చేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. వారాల తరబడి రేడియేషన్, మధ్యలో కీమో, చివర్లో లోపల పెట్టి ఇచ్చే రేడియేషన్. సెలవు దొరికినప్పుడల్లా నేనే పక్కన ఉండేదాన్ని. పొద్దున్నే వరుసలో కూర్చుంటే చుట్టూ బోలెడు తెలుగు వినిపించేది: సూళ్లూరుపేట, గూడూరు, శ్రీకాళహస్తి. రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తుకోసం పొత్తికడుపు మీద పెన్నుతో గీతలు గీశారు. అవి చెరగకూడదని స్నానంలో అక్కడ చేయి కూడా పెట్టేది కాదు. చీర కుచ్చిళ్లు గీతలకు రాసుకోకుండా బాగా పైకి దోపుకుని, అలాగే వంగి నడిచేది. ఇప్పుడు బాగానే ఉంది, చెకప్‌కు పినాకిని రైల్లో వచ్చి వెళ్తోంది. కానీ ఆ నడక నా కళ్లముందు నుంచి పోలేదు.

ఇది ఎక్కడో అరుదుగా వచ్చే జబ్బు కూడా కాదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మంది స్త్రీలకు కొత్తగా వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. వైరస్ సోకినవాళ్లలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోకుండా లోపలే ఉండిపోయినవాళ్లలో కొందరికి 15, 20 ఏళ్లు గడిచాక కేన్సర్‌గా తేలుతుంది. ఇరవైల్లో సోకింది నలభైల్లో బయటపడుతుందన్న మాట. అందుకే మన వయసులో ఎవరికీ దీని మీద టెన్షన్ ఉండదు.

ఖమ్మం గురించి మా అమ్మ కూడా ఇదే అడిగింది. ఆ వార్తలు టీవీలో చూసిన తరం కదా. జరిగింది ఇదీ. 2009లో పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం లాంటి చోట్ల 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ అలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది. విచారణలో ఒకరు నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, మరో ఇద్దరు పురుగుల మందు తాగి, ఇలా వేరే కారణాలతో చనిపోయినట్టు తేలింది. టీకాకు సంబంధం కనబడలేదు. అయితే తప్పు జరగలేదని కాదు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన ఫారాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. నా దృష్టిలో ఆ కోపం న్యాయమైందే. అడవి పక్క ఊళ్ల పేద పిల్లలకు అడగకుండా సూది గుచ్చడం ఏ టీకా విషయంలోనైనా తప్పే. కానీ మీరు అన్నీ తెలుసుకుని, మీ సంతకంతో మీరు వేయించుకుంటున్నారు. ఆ తప్పును టీకా ఖాతాలో రాయకండి.

దీనికో కొసరు కథ కూడా ఉంది. అదే సమయంలో మన దేశంలో ఇంకో పెద్ద అధ్యయనం నడుస్తుండేది, 10 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలకు రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. 2010లో అన్నీ ఆపేయడంతో అందులో వేలమంది ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదలకుండా ఏళ్ల తరబడి గమనిస్తే, ఒక్క డోసు కూడా ఈ కేన్సర్ తెచ్చే 16, 18 అనే వైరస్ రకాల నుంచి 95 శాతం దాకా కాపాడుతోందని 2021లో తెలిసింది. చిన్నపిల్లలకు ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకోవడానికి ఆధారాల్లో ఇదీ ఒకటి.

మనకు మాత్రం ఒకటి చాలదు. 15 దాటినవాళ్లకు ఇక్కడ మూడు డోసులు: ఈరోజు, రెండు నెలలకు, ఆరు నెలలకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 21 దాటినవాళ్లకు ఆరు నెలల తేడాతో రెండు చాలంటోంది గానీ, మన దగ్గర డాక్టర్లు కంపెనీ లేబుల్ ప్రకారం మూడే రాస్తున్నారు. నేను మూడూ వేయించుకున్నాను.

ఏది వేయించుకోవాలి? మీ డాక్టర్ చెప్పిన ఆ రెండు పేర్లు సెర్వావాక్, గార్డసిల్ 9 అయ్యుంటాయి. సెర్వావాక్ పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌ది, 2023 జనవరిలో వచ్చింది. 6, 11, 16, 18 అనే నాలుగు రకాలను ఆపుతుంది. ఈ కేన్సర్ కేసుల్లో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. 6, 11 జననాంగాల దగ్గర పులిపిర్లు తెచ్చేవి. గార్డసిల్ 9 ఇంకో ఐదు రకాలు కలిపి ఆపుతుంది, దాంతో 90 శాతం దాకా వెళ్తుంది. రేటు దగ్గరే తేడా అంతా. సెర్వావాక్ డోసు 2,000 చుట్టూ, గార్డసిల్ 9 డోసు 10 వేల పైమాటే. అంటే ఆరు వేలా, ముప్పై వేలా అన్నది లెక్క. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో నాకైతే పైసా రాలేదు, మీ హెచ్ఆర్‌ని ఒకసారి అడిగి చూడండి. డబ్బుకు ఇబ్బంది లేకపోతే తొమ్మిది రకాలదే తీసుకోండి. లేదంటే సెర్వావాక్ హాయిగా వేయించుకోండి. ఖరీదైనదానికి డబ్బు కూడబెడదామని రెండేళ్లు వాయిదా వేయడం మాత్రం నాకు నచ్చని ఆలోచన, ఎందుకంటే ఈలోగా డబ్బు కూడకపోతే సెర్వావాక్ కూడా చేజారుతుంది, దానికి అనుమతి 26 ఏళ్ల వరకే. 26 దాటాక అమెరికాలో కూడా 45 దాకా డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోమంటారు తప్ప అందరినీ వేయించుకోమనరు. నేను సెర్వావాకే వేయించుకున్నాను.

క్లినిక్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. మొదట నేను వెళ్లిన చోట రిసెప్షన్‌లో అందరి ముందూ "కల్యాణం ఆయిడుచ్చా?" (పెళ్లయిందా?) అని అడిగి, కాలేదనగానే అమ్మను తీసుకుని రమ్మన్నారు. వినకుండా ఇంకో క్లినిక్‌కు పోయాను. అక్కడ గైనకాలజిస్టు అడిగినవి వేరు: చివరి పీరియడ్ ఎప్పుడు, గర్భం వచ్చే అవకాశం ఉందా, ఏవైనా అలర్జీలున్నాయా, ఇదివరకు ఏ సూదికైనా కళ్లు తిరిగాయా. అవి అడగాల్సినవే. నర్సు ఫ్రిజ్‌లోంచి వయల్ తీసి పేరు, ఎక్స్‌పైరీ తేదీ నాకు చూపించింది. చూపించకపోతే మీరే అడగండి. సూది భుజం కండకు వేస్తారు. వేసేటప్పటి కన్నా మందు లోపలికి వెళ్లేటప్పుడు చురుక్కుమంటుంది. ఈ టీకాకు కొందరికి కళ్లు తిరుగుతాయి కాబట్టి పావుగంట కూర్చోబెట్టారు. ఖాళీ కడుపుతో వెళ్లకండి. ఆ రాత్రి చేయి లాగింది, కాస్త ఒళ్లు వెచ్చబడింది, మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. ఇందులో బతికున్న వైరస్ ఏమీ ఉండదు, వైరస్ పైపొర లాంటి ప్రొటీన్ మాత్రమే. కాబట్టి టీకా వల్ల జబ్బు రాదు. పిల్లలు పుట్టరన్న మాట కూడా వింటారు, దానికి ఆధారమేమీ లేదు.

అమ్మను ఒప్పించింది నేను కాదు, పెద్దమ్మ. ఫోన్లో "నా పాట్లు దానికెందుకే, వేయించు" అంది. అప్పటికీ అమ్మ "సంబంధం వాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారో" అని నసిగింది. మేకు గుచ్చుకుంటే టీటీ వేయించుకున్న సంగతి ఎవరికైనా చెప్తామా అన్నాను. మీ ఇంట్లో పెద్దమ్మ లాంటివాళ్లు లేకపోతే అమ్మగారిని డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. డాక్టర్ నోటి నుంచి వస్తే అదే మాట వేరేలా వినిపిస్తుంది.

మీకు సంబంధం కుదిరేలా ఉంది కాబట్టి ఇంకో మాట. గర్భంతో ఉన్నప్పుడు ఈ టీకా వేయరు. మధ్యలో గర్భం వస్తే కంగారు పడాల్సింది లేదు, మిగతా డోసులు కాన్పయ్యాక వేస్తారు. కానీ ఆరు నెలల పని కాబట్టి ఇప్పుడే మొదలుపెడితే పెళ్లి హడావిడిలో ఇరుక్కోదు. డోసు ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి వేయించుకోనక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచి కొనసాగిస్తారు. ఈస్ట్‌కు (బ్రెడ్ పొంగడానికి వేసేది) తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

టీకా వేయించుకున్నామని పరీక్షలు మానేయకూడదు. అన్ని రకాలనూ ఆపదు కదా. 30 దాటాక పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) గానీ హెచ్‌పీవీ టెస్టు గానీ ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో డాక్టర్‌ను అడిగి రాసిపెట్టుకోండి. మీ అమ్మగారిని కూడా ఒకసారి తీసుకెళ్తే మంచిది, ఆవిడ ఇంతవరకు చేయించుకుని ఉండరని నా అనుమానం. తమ్ముడుంటే వాడికీ చెప్పండి. గొంతు కేన్సర్లలో కొన్నిటికి ఇదే వైరస్ కారణం, సెర్వావాక్ మగపిల్లలకు కూడా వేయొచ్చు.

రెండో డోసు సమయానికి ఊళ్లో ఉంటే ఎలా అని చివర్లో అడిగారు. నెల్లూరులోనో, మరెక్కడైనా వేయించుకోవచ్చు, అదే బ్రాండ్ దొరికేలా ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మొదటి డోసు కార్డు మీద బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబర్, తేదీ రాయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. పీజీ మారినప్పుడు ముందు పోయేవి ఆ కాగితాలే.