ఆరు వేలకు ఎకరాల లెక్క లేదు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. అమ్మ ముందే పోయింది, నాన్న 2023లో పోయారు. నాన్న కొన్న 1.80 ఎకరాల్లో నేనే మిర్చి వేస్తున్నాను. నాన్న ఆస్పత్రి ఖర్చంతా నాదే, అక్క చూడ్డానికి కూడా రాలేదు. నాన్న పోయాక కూడా ఆయన ఖాతాలో పీఎం కిసాన్ రెండు విడతలు పడితే ఏటీఎంలో తీసుకున్నాను. తర్వాత ఆగిపోయింది. అన్నదాత సుఖీభవ కూడా రాలేదు. పొలం నా పేరున ఎక్కించమంటే, అక్క అభ్యంతరం చెప్పిందని తహసీల్దారు తిరస్కరించారు. ఆ కాగితం అంది నెలన్నరైంది. నాన్న వీలునామా రాసినట్టు పాత తేదీ స్టాంపు పేపరు మీద సృష్టించవచ్చని ఒకాయన అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో సగం అక్కగారి మీద కోపమే. ఆస్పత్రి బిల్లులు ఎవరు కట్టారన్నది వాటాలు తేల్చదు. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కొడుకూ కూతురూ సమానమే. అంటే మీకు 90 సెంట్లు, ఆమెకు 90 సెంట్లు. మీరు మొత్తం అడిగారు, తహసీల్దారు కాదన్నారు. ఆయన తప్పేముంది?

అసలు సంగతి మీరు చూడలేదు. పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు కుటుంబానికే గానీ ఎకరానికి కాదు. కేంద్రం సొమ్ముతో కలిపి 20 వేలిచ్చే అన్నదాత సుఖీభవ కూడా అంతే. 90 సెంట్లకైనా, 1.80 ఎకరాలకైనా అదే డబ్బు. కావలసిందల్లా భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు 1-బిలో మీ పేరు. అక్క వాటా కూడా కావాలని పట్టుబట్టి మీ వాటాకు వచ్చేదీ పోగొట్టుకుంటున్నారు.

తిరస్కరణ మీద ఆర్డీవోకు అప్పీలు గడువు, ఉత్తర్వు అందిన నాటి నుంచి 60 రోజులు. ఇంకా రెండు వారాలుంది. కానీ మొత్తం నాదేనని వెళితే అక్కడా అదే జవాబు. పన్నెండేళ్లు సాగు చేస్తే పొలం మీదైపోతుందన్న ఆశా పెట్టుకోకండి. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు దున్నితే అందరి తరఫునా దున్నినట్టే లెక్క.

ఇక ఆ వీలునామా సంగతి. వీలునామాకు స్టాంపు పేపరే అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. పాత తేదీ స్టాంపు వెతికి తెచ్చారంటేనే జడ్జికి అనుమానం వస్తుంది. పైగా సంతకం చేసిన సాక్షి బోనెక్కాలి. దొంగ వీలునామాకు భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద యావజ్జీవం లేదా పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆ ఒకాయన మీతో జైలుకు రాడు.

వారసత్వం కలిగిన 90 రోజుల్లో తహసీల్దారుకు తెలియజేయాలని చట్టమే చెబుతుంటే ఇన్నాళ్లు ఊరుకున్నారు. హక్కయితే పోలేదు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం పట్టుకుని ఇద్దరి పేర్లతో మళ్లీ అర్జీ పెట్టండి. కారణం దగ్గర 'వారసత్వం' అనే ఉండాలి. 1-2-2019 తర్వాత చేతులు మారిన భూమికి, వారసత్వమైతే తప్ప పీఎం కిసాన్ ఇవ్వరు. అక్కగారు ఒప్పుకుంటే భాగపరిష్కార పత్రం, అంటే వాటాలు పంచుకున్న దస్తావేజు, రిజిస్టర్ చేయించుకోండి. ఇంట్లో రాసుకున్న కాగితంతో పని జరగదు. ఆమె ఒప్పుకోకపోతే విభజన దావా ఉండనే ఉంది.

నాన్నగారి ఖాతాలోంచి తీసిన ఆ 4 వేలు? మండల వ్యవసాయాధికారికి రాసిచ్చి తిరిగి కట్టేయండి. రశీదు మాత్రం అర్జీ ఫైల్లోనే పెట్టుకోండి.