ఎల్క్ వేటకు తుపాకీ మందు ఎంత దట్టించాలి?

ప్రశ్న: నేను కొలరాడోలోని అరోరాలో ఉంటాను. సెప్టెంబర్ మజిల్‌లోడర్ (మందూ తూటా గొట్టం మూతి నుంచి దట్టించే తుపాకీ) సీజన్‌కి ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) ట్యాగ్, అంటే వేట అనుమతి, వచ్చింది. .50 కాలిబర్ (అర అంగుళం గొట్టం) ఇన్‌లైన్ రైఫిల్, అంటే మందుని అంటించే ప్రైమర్ గొట్టానికి తిన్నగా వెనకే ఉండే రకం, కొన్నాను. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు చెప్పినట్టు మూడు పెల్లెట్లు (బిళ్లలుగా చేసిన మందు), సాబో (ప్లాస్టిక్ తొడుగు) తూటా పెట్టి కాలిస్తే గురి బాగా కుదిరింది. తీరా చూస్తే ఆ రెండూ ఇక్కడ నిషేధమట! ఇప్పుడు ట్రిపుల్ సెవెన్ (నల్లమందుకి బదులు వాడేది) పొడి మందు 100 గ్రెయిన్లు, సీసపు తూటాతో కాలుస్తుంటే వంద గజాల్లో తూటాలు అన్నం పళ్లెమంత మేర చెదిరిపోతున్నాయి. నాలుగో తూటాకల్లా దట్టించే కడ్డీ కిందికి దిగనని మొరాయిస్తోంది. నెల రోజులే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నాలుగో తూటా సంగతి చూద్దాం. గురి చెదరడానికి కూడా అదే కారణం అయ్యుండొచ్చు. ట్రిపుల్ సెవెన్ కాలినప్పుడు గొట్టం లోపల, సరిగ్గా తూటా కూర్చునే చోట, గట్టి మసి ఉంగరంలా పేరుకుంటుంది. రెండు మూడు సార్లు కాల్చేసరికి తర్వాతి తూటా అక్కడే ఆగిపోతుంది. మందుకీ తూటాకీ మధ్య ఖాళీ ఉండగా కాల్చారో, గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు. కాబట్టి ఈ రోజే ఒక పని చేయండి. శుభ్రమైన గొట్టంలో మందు పోసి, తూటాను మందు మీదికి పూర్తిగా దించి, గొట్టం అంచు దగ్గర కడ్డీ మీద గీత పెట్టండి. మందు కొలత మార్చినప్పుడల్లా కొత్త గీత పెట్టుకోవాలి. ఆ గీత అంచుకి రాకపోతే ట్రిగ్గర్ జోలికి వెళ్లొద్దు.

కాల్చిన ప్రతిసారీ మామూలు నీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డముక్కతో ఒకసారి, పొడి గుడ్డముక్కతో ఇంకోసారి తుడవండి. తడి ఎక్కువైతే నీళ్లు అడుక్కి జారి మందుని నానబెడతాయి. విసుగనిపిస్తుంది, తెలుసు. కానీ మజిల్‌లోడర్‌లో గురి అంటే ఒకే పనిని ప్రతిసారీ ఒకేలా చేయడమే. మందు కొలిచే గొట్టాన్ని మూడుసార్లు తట్టితే ప్రతిసారీ మూడుసార్లే తట్టాలి. తూటాను దట్టించే బలం కూడా మారకూడదు.

ఇక 100 గ్రెయిన్లు ఎందుకు? సమాన కొలతకి ట్రిపుల్ సెవెన్ నల్లమందు కంటే సుమారు 15 శాతం ఎక్కువ శక్తినిస్తుంది. పైగా ఇక్కడ గ్రెయిన్లంటే కొలపాత్రతో కొలిచే లెక్క, తూకం కాదు. కాటా మీద 100 తూచి పోశారేమో ఒకసారి చూసుకోండి. నేనైతే 70 దగ్గర మొదలుపెట్టి ఐదేసి పెంచుతాను, అదీ మీ రైఫిల్ మాన్యువల్ ఒప్పుకున్న హద్దు లోపలే. ఒక్కో కొలతకి యాభై గజాల్లో మూడేసి తూటాలు. ఒకసారికి ఒక్కటే మార్చాలి: మందు మారుస్తున్నప్పుడు తూటా, ప్రైమర్ అవే ఉండాలి. ఎక్కడో ఒక కొలత దగ్గర మూడు రంధ్రాలూ దగ్గరికొస్తాయి. నా రైఫిల్‌కి, 350 గ్రెయిన్ల బరువున్న తూటాకి, అది 80. అంతకు పైన మెత్తటి సీసం అడుగుని వేడి గ్యాస్ కొరికేస్తుందనుకుంటాను, ఆ రంధ్రాల గుంపు మళ్లీ చెదిరేది. తూటా కింద ఉన్ని బిళ్ల పెట్టి చూడండి, చాలా రైఫిళ్లకి అది మేలు చేస్తుంది. గుంపు కుదిరాకే సైట్లు (గురి చూసే గుర్తులు) జరపండి. పొగలేని మందు (ఇప్పటి మామూలు తుపాకుల మందు) మాత్రం ఎవరు చెప్పినా, ఎంత కొంచెమైనా, పోయకండి. ప్రాణం పోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గన్నిసన్ కొండల్లో నా రెండో సీజన్‌లో, అరవై గజాల్లో నిలబడ్డ ఆడ ఎల్క్‌ని గుండె ఉండే చోటుకి బాగా వెనక్కి కొట్టాను. చీకటి పడేదాకా నెత్తురు చుక్కల వెంట నడిచాను. మర్నాడు మధ్యాహ్నానికి గాని దొరకలేదు, అప్పటికి మాంసం పాడైపోయింది. రేంజ్‌లో నా మూడు తూటాల గుంపు నిమ్మకాయంత ఉండేది. కానీ చల్లటి, శుభ్రమైన గొట్టంలోంచి వెళ్లే మొదటి తూటా ఆ గుంపుకి నాలుగైదు అంగుళాలు ఎడమకి పోయేది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అడవిలో మనం కాల్చేది ఆ మొదటి తూటానే కదా! అందుకే వరసగా ఐదు రోజులు, రోజుకి ఒక్క తూటా, వేటకి వెళ్లేటప్పుడు గొట్టం ఎలా ఉంటుందో అలాగే ఉంచి కాల్చండి. ఆ ఐదూ ఒకే కాగితం మీద పడాలి. ఆ కాగితమే మీ అసలు గురి. ఓపెన్ సైట్లతో వంద గజాల్లో అవి ఆరు అంగుళాల్లో పడకపోతే, పడే దూరానికే మీ హద్దు పెట్టుకోండి.

మందు పోసేముందు గొట్టంలోని నూనె తుడిచి, అడుగున పొడి గుడ్డముక్క ఉంచి ఉత్త ప్రైమర్ ఒకటి పేల్చండి. గుడ్డ మీద నల్లటి మచ్చ పడితే నిప్పు వెళ్లే దారి తెరుచుకున్నట్టు. ఆ గుడ్డ బయటికి తీయడం మరవకండి. గొట్టం కిందికి వంచి నడిస్తే తూటా ముందుకి జారవచ్చు, గంటకోసారి కడ్డీ గీత చూసుకోండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని గురిపెట్టిన వైపే ఉంచి కనీసం రెండు నిమిషాలు ఆగండి. ఈ ఏటి నిబంధనల పుస్తకం పూర్తిగా చదవండి. టెలిస్కోప్ కూడా ఇక్కడ కుదరదు.

ప్రశ్న: పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి రవ్వతో మందు అంటుకునే తుపాకీ) సీజన్‌కి సిద్ధమవుతున్నాను. .50 రైఫిల్, గుడ్డ చుట్టిన గుండు. ఒక్కో గుండు ఒక్కో దిక్కుకి పోతోంది. మందు తగ్గించాలా, పెంచాలా?

జవాబు: ముందు గడ్డిలో వెతకండి. కాల్చాక గుడ్డముక్క గొట్టానికి కొన్ని గజాల ముందే పడుతుంది. నాలుగైదు ఏరి వెలుతురుకి పట్టుకుని చూడండి. మధ్యలో మసి గుండ్రంగా ఉండి, అంచులు నలిగినా చిరక్కుండా ఉంటే గుడ్డ సరిపోయినట్టే. చిల్లులు పడినా, మాడినా గ్యాస్ పక్కనుంచి తప్పించుకుంటోంది. .490 అంగుళాల గుండుకి .015 మందం గుడ్డ వాడుతుంటే .018కి మారి, కొవ్వు ఇంకాస్త పట్టించండి. చిరుగు గీతలా, ఒకే చోట ఉంటే కొత్త గొట్టం లోపలి గాళ్ల పదును కోస్తున్నట్టు. యాభై అరవై గుండ్లు కాల్చేసరికి అది సర్దుకుంటుంది. గుడ్డ కుదిరేదాకా మందు కొలత మార్చకండి. రవ్వ పడే చిన్న పళ్లెంలో సన్నమందు మూడో వంతు చాలు. నిండా పోస్తే గొట్టంలోకి నిప్పు వెళ్లే రంధ్రం మూసుకుని, వత్తి కాలినట్టు ఆలస్యంగా అంటుకుంటుంది, ఆ లోపు మీ చెయ్యి కదులుతుంది.