అడవికి నవల రాయడానికి పోకు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ఈ వేసవంతా అమ్రాబాద్ పులుల అడవిలో, అటవీ శాఖ బేస్ క్యాంపులో ఉండి పనిచేసే ఛాన్స్ దొరికిందని, ఫోన్ సిగ్నల్ కూడా అందని చోటు కాబట్టి ఈసారి నవల మొదలుపెట్టే తీరతానని రాశావు. పని దొరికినందుకు సంతోషం. నవల సంగతి మాత్రం నాకు నమ్మకం లేదు. తెల్లారకముందే లేచి, ఎండ ముదిరేలోపు నడవాల్సింది నడిచి, మధ్యాహ్నం రేకుల కింద ఉక్కపోతకు నానిపోయి, రాత్రి ఎక్కడో గుట్ట మీద ఎర్రగా కనపడితే మళ్లీ లేచి ఉరికే మనిషికి నవల రాసే ఓపిక ఎక్కడ మిగుల్తది? రాయలేకపోతున్నానని అక్కడ కూచుని టెన్షన్ పడకు. ఆ పని చెయ్యి, ఆ పనే రాయి. నేను చెప్పాలనుకున్నది నిజానికి ఇంతే, కానీ ఇంత పొట్టిగా చెప్తే నీకు దేనికీ పనికిరాదు.

మీ దేవరకొండ వైపు అడవి కూడా కొంత ఈ రిజర్వులోనే ఉంది కాబట్టి నీకు ఇది పూర్తిగా పరాయి చోటేం కాదు. 1983లో టైగర్ రిజర్వు అయినప్పుడు కృష్ణకు రెండు దిక్కులా కలిపి నాగార్జునసాగర్–శ్రీశైలం అని ఒకటే పేరు, రాష్ట్రం వేరయ్యాక మన గట్టున ఉన్నది అమ్రాబాద్ అయ్యింది. శ్రీశైలం పోయే జనం మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే కిటికీలోంచి నాలుగు కోతుల్ని చూసి నల్లమల చూశామనుకుంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు దేవుడి తొందర. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. గేటు పడ్డాక కొద్దిసేపటికి రోడ్డు మీదికి ఏమేం వస్తాయో, 9 దాటి రెండు నిమిషాలకు వచ్చిన కారాయన గేటు దగ్గర ఎవరెవరి పేర్లు చెప్పి ఎట్లా కొట్లాడతాడో చూడు. రెండూ రాసుకో. రెండోది రాయడం కష్టం, ఎందుకంటే అక్కడ కాపలా ఉన్నాయన ఎదురు మాట అనలేడు, ఆయన మొఖం మీదనే అంతా చదవాలి.

నీ పనిలో పెద్ద పాలు నిప్పు. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అక్కడ అందరి సోయీ దాని మీదే. నల్లమల ఆకురాల్చే అడవి, శివరాత్రి నాటికి చెట్లు బోసిపోయి నేలంతా ఎండుటాకు, ఫర్హాబాద్ పై మైదానంలో ఎండిన గడ్డి. మన దగ్గర పిడుగు పడి అడవి అంటుకోవడం బహు అరుదు, నిప్పు మనిషి చేతిలోంచే పోతుంది. ఇప్పపువ్వు రాత్రీ తెల్లవారుజామునా రాలుతుంది, ఎండుటాకుల్లో పడితే ఏరడం కష్టం, ఊడ్చే ఓపిక లేనివాళ్లు చెట్టు కింద ఆకులకు అగ్గి పెడతారు. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు పెడతారు. రోడ్డు పక్కన మూడు రాళ్లు పెట్టి వండుకుని, పొయ్యి ఆర్పకుండానే బండెక్కే భక్తులుంటారు. ఇక బీడీ ఉండనే ఉంది. నీ కథలో నిప్పుకు ఒక్క విలన్‌ను వెతకొద్దని చెప్తున్నా. పువ్వు ఏరే ముసలమ్మకు ఆ నెలలో చేతికి వచ్చే పైసలు అవే, మంట ఆర్పడానికి ఉరికే పిల్లగాడు ఆమె మనవడే అయ్యుండొచ్చు. ఇద్దరూ పొద్దుగూకితే ఒకే గుడిసెలో తింటారు. ఆ బువ్వ దగ్గర వాళ్లేం మాట్లాడుకుంటారో నీకు వినబడిందంటే నవల సంగతి తర్వాత, ముందు ఒక మంచి కథ దొరికినట్టే.

వేసవికి ముందే అడవిని గళ్లుగా విడదీస్తూ గడ్డి చెక్కి, ఆకు ఊడ్చి ఖాళీ బాటలు చేస్తారు, ఫైర్ లైన్లు అంటారు. వాటి మీద మళ్లీ ఆకు రాలుతుంది, మళ్లీ ఊడవాలి. వీపుకు కట్టుకునే బ్లోయర్ మిషన్ ఇస్తారు నీకు, దాని బరువు, దాని పెట్రోలు వాసన, దింపినంక కూడా చెవుల్లో మోగే చప్పుడు, ఇవన్నీ నువ్వే మోసి రాయాలి, నేను ఊహించి చెప్తే బాగుండదు. మంట లేచినప్పుడు నీళ్లు పోసి ఆర్పుతారనుకునేవు, ఆ గుట్టల మీదికి ట్యాంకరు ఎక్కదు. పచ్చి కొమ్మలు విరిచి కొట్టాలి, బ్లోయరుతో ఆకును వెనక్కి ఊదాలి, మరీ మీదికొస్తే అనుభవమున్నవాళ్లు ఎదురు నిప్పు పెడతారు, మంట వచ్చే దారిలోని ఆకును ముందే కాల్చేస్తారు. నువ్వు పెట్టకు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉపగ్రహానికి కనపడిన మంట ఎక్కడుందో మెసేజ్ పంపుతారు. ఆ మెసేజ్ ఫోన్లకు చేరి, వాకీటాకీలో మీ క్యాంపుకు అంది, మీరు చెప్పులు వేసుకుని బయలుదేరి అక్కడికి నడిచేసరికి గాలి దాన్ని ఎటు తోలుకుపోయిందో ఎవరికి ఎరుక! ఆకాశంలోంచి చూసిన దానికీ కాలినడకన చేరిన దానికీ మధ్య ఉన్న ఆ ఎడం గురించి మన తెలుగులో పెద్దగా ఎవరూ రాయలేదు.

ఇంకోటి. మంట ఆరిందంటే పని అయిపోయినట్టు కాదు. పడిపోయిన మొద్దు లోలోపల రాజుకుంటూనే ఉంటుంది, మధ్యాహ్నం గాలి లేస్తే మళ్లీ భగ్గుమంటుంది. అందుకని ఒకరిద్దరిని అక్కడే కాపలా పెట్టి తక్కినవాళ్లు క్యాంపుకు వస్తారు. అందరూ మంటను రాస్తారు బిడ్డా, ఎందుకంటే అది చూడ్డానికి బాగుంటుంది. నువ్వు ఆ మొద్దు పక్కన కూచున్న మనిషిని రాయి. ఆయన సద్ది ఎప్పుడు వచ్చింది, నీళ్లు ఎవరు తెచ్చారు, బూడిదలో పాదం పెట్టకుండా ఎట్లా తిరిగాడు, బోరు కొడితే ఏం చేశాడు.

నీళ్ల పని ఇంత కథ కాదు గానీ రోజూ ఉంటుంది. నేలమట్టానికి కట్టిన సిమెంటు తొట్లను సాసర్ పిట్లు అంటారు, పళ్లెంలా లోతు తక్కువ, పిల్ల జంతువులు పడినా ఎక్కి రావాలని. నాచు గీకడం, ట్యాంకరుతో నింపడం, సోలార్ మోటరు నడుస్తుందా లేదా చూడడం. తొట్టి చుట్టూ ఉన్న తడిమన్ను దగ్గర నిలబడి మీవాళ్లు ముందు రాత్రి ఎవరెవరు వచ్చారో చెప్తుంటే వాళ్ల వేలు ఎటు పోతుందో చూడు. పులి అడుగులో నాలుగు వేళ్లు ఉంటాయి, గోళ్లు పడవు. రేచుకుక్క అడుగులో గోళ్లు పడతాయి. మగపులి అడుగు కాస్త చదరంగా, ఆడపులిది కొంచెం పొడుగ్గా ఉంటుందంటారు. గుడ్డేలుగు వెనక కాలి జాడ చూస్తే ఎవరో ఒట్టి కాళ్లతో నడిచారనుకుని ఒక్క క్షణం జలదరిస్తుంది, తర్వాత ముందర గోళ్ల గీతలు కనపడతాయి. అదే తొట్టి దగ్గర పొదల్లో తీగ ఉచ్చులేమైనా ఉన్నాయా అని కూడా వెతుకుతారు, వేసవిలో జంతువు ఎక్కడికి వస్తుందో వేటగాడికీ తెలుసు కదా.

కెమెరా ట్రాపుల పని పడితే, అంటే జంతువు ఎదురుగా పోతే దానంతటదే ఫొటో తీసే కెమెరాల పని, విసుక్కోకుండా చెయ్యి. బాటకు అటొకటి ఇటొకటి, మోకాలి ఎత్తులో కడతారు, పులికి కుడి పక్క చారలు ఒక తీరు, ఎడమ పక్క చారలు ఇంకో తీరు కాబట్టి రెండు పక్కలా ఫొటో పడితేనే అది ఫలానా పులి అని లెక్కలోకి వస్తుంది. 2006 నుంచి నాలుగేండ్లకోసారి దేశమంతటా చేసే పులుల లెక్కకు ఇదే ఆధారం. ముందున్న గడ్డి సరిగ్గా పీకకపోతే కార్డు నిండా గాలికి ఊగిన గడ్డి ఫొటోలే, ఒకదాని తర్వాత ఒకటి. చెట్టు మొదలు మీద పులి తన గుర్తుగా మూత్రం చిమ్మి పోయిన చోట, అది ఇంకా పాతబడకముందే, ముక్కు దగ్గరగా పెట్టి చూడు. బాస్మతి అన్నం వాసన వస్తుంది. కవిత్వం చెప్తున్నాననుకోకు, ఆ బియ్యానికి కమ్మటి వాసన ఇచ్చే రసాయనమే పులి గుర్తులోనూ ఉందని కొందరు శాస్త్రవేత్తలు చెప్పారు. ఇట్లాంటిది ఒక్కటి నీ రాతలో ఉంటే పులిని చూడకపోయినా ఫరవాలేదు. చూడకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. క్యాంపులో నీతో ఉండేవాళ్లలో చెంచులు చాలామంది ఉంటారు, అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్ లాంటి పెంటల నుంచి వచ్చినవాళ్లు, పెంట అంటే అక్కడ చెంచుల చిన్న పల్లె. వాళ్ల గురించి మన రాతలు రెండు రకాలు. అమాయకులైన అడవి బిడ్డలని ఒక రకం, అయ్యో వెనకబడిపోయారని ఇంకో రకం. రెండూ కారు దిగకుండా రాసినవే. 1940లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మనిషి వచ్చి వాళ్ల మధ్య ఉండి గుడిసెలు, గడ్డలు తవ్వే కర్రలు, పెళ్లిళ్లు, తగాదాలు అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు, ఆయన చెప్పిన అర్థాలతో నాకు అన్నిచోట్లా పొసగదు గానీ దగ్గర కూచుని రాశాడు కాబట్టి ఆ వివరం ఇప్పటికీ నిలబడింది. పక్కనే ఉన్నవాళ్లం, శ్రీశైలం మల్లన్న చెంచుల అల్లుడని పాటలు వింటూ పెరిగినవాళ్లం, మనం ఆ మాత్రం ఓపిక పట్టలేమా? ఇప్పటి చెంచు పిల్లగానికి బైకు ఉంది, అప్పు ఉంది, అటవీ హక్కుల పట్టా గురించి రంధి ఉంది. కోర్ ఏరియాలోంచి బయటికి పోతే కుటుంబానికి 15 లక్షలిస్తామనే ప్యాకేజీ మీద ఇంట్లో తండ్రిదో మాట, కొడుకుదో మాట. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఊళ్లు లేచాయి, అసెంబ్లీలో తీర్మానం దాకా పోయింది, అప్పుడు రోడ్డెక్కినవాళ్లు నీ పక్కనే ఫైర్ లైన్ ఊడుస్తుండొచ్చు. నీకు జీతం ఇచ్చేది ఒక పక్షం, నీకు సంకటి పెట్టేది ఇంకో పక్షం. ఎవరివైపు రాయాలని అడిగావంటే, ముందు ఇద్దరూ చెప్పింది తప్పు పోకుండా రాసుకో, నీ తీర్పు ఎవరూ అడగలేదు ఇంకా. పెద్దవాళ్లను తాతా, అక్కా అని పిలువు. నోట్‌బుక్ ముందర పెట్టుకుని ఎవరినీ ప్రశ్నలు అడగకు, పనిలో ఉన్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి, రాత్రికి గుర్తున్నది రాసుకో. గుర్తులేనిది పోతే పోనీ.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర వస్తుంది, నిన్నూ డ్యూటీకి వేస్తారు తప్పకుండా. "వస్తున్నాం లింగమయ్యా" అని అరుచుకుంటూ ఆ లోయలోకి దిగే జనాన్ని ఏటా పత్రికలు రాస్తూనే ఉన్నాయి, జలపాతం ఫొటోతో సహా. నువ్వు జాతర అయిపోయిన మర్నాడు చెత్త ఏరే సంచి పట్టుకుని అదే బాటలో దిగేవాళ్లతో పో.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి, ఇది గట్టిగా చెప్తున్నా. ఫలానా పులి ఫలానా వాగు దగ్గర పిల్లలు పెట్టిందని రాయకు, స్టేటస్ కూడా పెట్టకు. అలుగు బొరియ ఎక్కడ ఉందో, తేనె తీసే బండ ఏ పెంటవాళ్లదో రాయకు. చోటు పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, వాగు, గుట్ట, మర్రిచెట్టు అన్నీ చెప్పేస్తే తెలిసినోడు పట్టేస్తాడు. కథకు అందం తగ్గుతుందంటావా, తగ్గనీ.

రాసే పద్ధతి సంగతి అడిగావు కాబట్టి నాలుగు ముక్కలు. పెన్సిలు వాడు, చెమటకు పెన్ను అలుక్కుపోతుంది. ఏ రోజుది ఆ రోజే రాయి, ఏమీ జరగని రోజు కూడా ఏమీ జరగలేదని కాకుండా ఎండ ఎట్లా ఉంది, ఎవరు ఎవరి మీద అలిగారు, కూర ఏంది, ఇది రాయి. ప్రశాంతత, ప్రకృతి ఒడి లాంటివి నీ నోట్‌బుక్‌లో కనపడితే అక్కడికక్కడే కొట్టెయ్యి. చెట్టు అని రాసే ముందు అది తపసా, నల్లమద్దా, బిల్లుడా అని పక్కనున్నవాళ్లను అడుగు, తెల్లగా మెరిసే తపసి మొదలును వెన్నెల్లో ఒకసారి చూశావంటే ఇంకెప్పుడూ ఒట్టి చెట్టు అని రాయబుద్ధి కాదు. కొండముచ్చు ఎందుకు అరిచిందో తెలియకపోతే అరిచిందని మాత్రం రాయి.

పైలం బిడ్డా. పులి గురించి అంత భయం వద్దు, ఇప్పచెట్ల కింద చీకటితో తిరిగే గుడ్డేలుగుకు జడువు. ఒంటరిగా పోకు, బూట్లు దులిపి వేసుకో, ఓఆర్ఎస్ పాకెట్లు ఉంచుకో. మన్ననూరుకు దిగినప్పుడల్లా మీ అమ్మకు ఒక ఫోన్ కొట్టు, నన్ను అడిగితే నేనేం చెప్పను.

వానలు పడ్డాక ఇంటికొచ్చి అచ్చుకు రాసుకుంటావు కదా, రాసింది నాకు పంపేముందు అందులో ఎవరెవరు ఉన్నారో వాళ్ల దగ్గరికి మళ్లీ పోయి చదివి వినిపించు. చదువు రాని తాతకైతే ఇంకా నిదానంగా చదువు. ఈ ముక్క వద్దమ్మా అంటే తీసెయ్యి, ఎందుకని వాదించకు. అప్పుడు పంపు నాకు, టైప్ చేసి, అక్షరాలు కాస్త పెద్దగా పెట్టి. నేను అచ్చంపేటలోనే ఉంటా.