ప్రశ్న–జవాబు: బడి లంచ్ లెక్కలు

అమెరికాలో పిల్లల బడి భోజనం ఖర్చుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి జవాబులు. ఆదాయ పరిమితులు 2025–26 విద్యాసంవత్సరానివి.

మా రాష్ట్రంలో బడి భోజనం అందరికీ ఉచితమన్నారు. అయినా మా అబ్బాయి లంచ్ అకౌంట్‌లో (బడి భోజనానికి డబ్బు వేసే ఖాతా) 18 డాలర్ల బాకీ కనిపిస్తోంది. ఎందుకు? – ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

ఉచితంగా ఇచ్చేది ‘మీల్’ మాత్రమే. కెఫెటీరియాలో కనిపించేవన్నీ అందులోకి రావు. కాలిఫోర్నియాలో 2022–23 నుంచి అడిగిన ప్రతి విద్యార్థికీ రోజుకు ఒక బ్రేక్‌ఫాస్ట్, ఒక లంచ్ ఉచితం. లంచ్‌లో అయిదు రకాలు పెడతారు: మాంసం లేదా దానికి బదులు (చీజ్, బీన్స్, గుడ్డు, పెరుగు లాంటివి), ధాన్యం, కూర, పండు, పాలు. చాలా బళ్లలో పిల్లలు వీటిలో కనీసం మూడు తీసుకుంటే చాలు, కానీ ఆ మూడింటిలో ఒకటి అర కప్పు పండో కూరో అయి తీరాలి. మీవాడు చీజ్ పిజ్జా, పాలు పట్టుకొస్తే పిజ్జాలో ధాన్యం, చీజ్ రెండూ లెక్కకొస్తాయి. పాలతో మూడయ్యాయి, పండు మాత్రం లేదు. మామూలుగా క్యాషియర్ ‘ఒక ఆపిల్ తెచ్చుకో’ అని వెనక్కి పంపుతారు. తెచ్చుకోకపోతే పిజ్జాకీ పాలకీ విడివిడిగా ధర పడుతుంది.

రెండో పిజ్జా ముక్క, చిప్స్, కుకీ ఎప్పుడూ విడి ధరే. మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఇంటి నుంచి డబ్బా పంపి, పాలు మాత్రం అక్కడ తీసుకోమంటారు. పాలొక్కటే మీల్ కాదు కాబట్టి దానికి డబ్బు పడుతుంది. అదే పాలతో పాటు పండు, ఇంకో రకం కూడా ట్రేలో పెట్టుకుంటే మొత్తం ఉచితం. వింతే, కానీ లెక్క అలాగే ఉంటుంది.

అకౌంట్‌లో లావాదేవీల పేజీ తెరిచి ‘ఆ లా కార్ట్’ (మీల్‌లో చేరని విడి కొనుగోళ్లు) అని ఉన్న పద్దులు చూడండి, ఆ 18 డాలర్లు అక్కడే తేలతాయి. ఇక ముందు అలా కాకుండా విడి కొనుగోళ్లు ఆపమనో, రోజుకు ఇంతకు మించవద్దనో స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతపు బళ్లను నడిపే సంస్థ) న్యూట్రిషన్ విభాగానికి ఈమెయిల్ పెట్టండి.

మావారు పోస్ట్‌డాక్. ఒక్కో జీతం చెక్కు 2,300 డాలర్లు. నాకు ఉద్యోగం లేదు, పిల్లలు ఇద్దరు. వీసా మీద ఉన్నాం. తగ్గింపు ధరకు దరఖాస్తు చేయవచ్చా? – ఒక పాఠకురాలు, కాలేజ్ స్టేషన్, టెక్సస్

చేయవచ్చు. ఫారంలో వీసా సంగతి అడగరు, పౌరసత్వం షరతూ లేదు. నలుగురున్న ఇంటికి ఏడాది ఆదాయం 41,795 డాలర్ల లోపుంటే ఉచితం, 59,478 లోపుంటే తగ్గింపు ధర. తగ్గింపు ధరలో లంచ్‌కు 40 సెంట్లు, బ్రేక్‌ఫాస్ట్‌కు 30 సెంట్లు మించి తీసుకోకూడదు.

మీ విషయంలో అంతా ఆ 2,300 ఎన్నాళ్లకోసారి వస్తుందన్న దానిమీద ఆధారపడి ఉంది. నెలకు రెండుసార్లయితే ఏడాదికి 24 చెక్కులు, 55,200 డాలర్లు: తగ్గింపు వస్తుంది. రెండు వారాలకోసారి అయితే 26 చెక్కులు, 59,800: రాదు. ఫారంలో ఈ రెంటికీ వేర్వేరు గడులుంటాయి. తొందరలో పక్క గడి నింపి తిరస్కరణ తెచ్చుకున్నవాళ్లూ ఉంటారు, అర్హత లేకుండానే మంజూరై తనిఖీలో దొరికినవాళ్లూ ఉంటారు. పే స్టబ్ (జీతం రసీదు) మీద జీతం తేదీలు చూసి నింపండి. రాయాల్సింది పన్నులు, ఇన్సూరెన్స్ కోతలకు ముందున్న జీతం, బ్యాంకులో పడిన మొత్తం కాదు.

ఇంటికంతా కలిపి ఒకే ఫారం, అందులో పిల్లలందరి పేర్లూ రాయాలి. సంతకం చేసే పెద్దవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి 4 అంకెలు అడుగుతారు. నంబరు లేకపోతే లేదని టిక్ పెట్టే గడి ఉంది, ఆ గడిని ఖాళీగా వదిలేస్తే ఫారం వెనక్కి వస్తుంది.

బడి నడిచే 10 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. అప్పటిదాకా పూర్తి ధరే. ఈలోపు పేరుకున్న బాకీ మామూలుగా మంజూరుతో మాఫీ కాదు కాబట్టి ఫారం బడి తెరవకముందే వేయడం మేలు. కొన్ని ఫారాలను తనిఖీకి ఎంపిక చేసి పే స్టబ్‌లు అడుగుతారు. ఆ ఉత్తరానికి జవాబివ్వకపోతే మంజూరు రద్దవుతుంది. ఏటా కొత్త ఫారం వేయాలి. పాత మంజూరు కొత్త ఏడాదిలో బడి నడిచే మొదటి 30 రోజులే చెల్లుతుంది. అందుకే అక్టోబరులో ఉన్నట్టుండి పూర్తి ధర పడి చాలామంది కంగారు పడతారు.

ఆన్‌లైన్‌లో డబ్బు వేసిన ప్రతిసారీ ఫీజు కోస్తున్నారు. తప్పదా? – ఒక పాఠకుడు, కమింగ్, జార్జియా

తప్పించుకోవచ్చు. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 నివేదిక ప్రకారం ఈ ఫీజు సగటున ఒక్కో చెల్లింపుకు 2.37 డాలర్లు. వారానికి 20 డాలర్ల చొప్పున వేస్తే నెలకు దాదాపు 9.50 ఫీజుకే పోతుంది. ఒకేసారి 80 వేస్తే ఒక్క ఫీజుతో సరి. ఫీజు అసలే వద్దనుకుంటే చెక్కు రాసి పంపండి. ఫీజు లేని మార్గం ఒకటి చూపించే బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. చెక్కు మీద పిల్లల విద్యార్థి నంబరు రాయడం మరవకండి, ఒకే పేరున్న పిల్లలుంటే డబ్బు వేరే అకౌంట్‌లో పడుతుంది. ‘ఆటో పే’ పెట్టుకుంటే నిల్వ తగ్గినప్పుడల్లా డబ్బు వేస్తుంది, ఫీజు కూడా ప్రతిసారీ పడుతుంది.

మేం గొడ్డుమాంసం, పంది మాంసం తినం. బడివాళ్లు పాటించాలా? – ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

అలర్జీ, వైకల్యం లాంటి వైద్య కారణమైతే, లైసెన్సున్న వైద్యులు రాసిచ్చిన పత్రం అందాక భోజనం మార్చి తీరాలి. మతం, ఆచారం కారణమైతే వీలును బట్టి చేస్తారు, చేయాలన్న నిర్బంధం లేదు. వెజిటేరియన్ అని రాయని బీన్స్‌లో పంది మాంసం, మార్ష్‌మాలో స్వీట్లలో జెలటిన్ ఉండవచ్చు, పదార్థాల పట్టిక అడగండి. అకౌంట్‌లో ‘బీఫ్, పోర్క్ వద్దు’ అని నోట్ పెట్టించవచ్చేమో కూడా అడగండి. కొన్ని చోట్ల పిల్లలు తమ అకౌంట్ నంబరు (పిన్) కొట్టగానే అది క్యాషియర్ తెరమీద కనిపిస్తుంది. అయితే వడ్డన అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి మెనూ చూసి పిల్లలకు ముందురోజే చెప్పిపెట్టుకోవడం అవసరం.

ఇల్లు మారుతున్నాం. అకౌంట్‌లో 46 డాలర్లున్నాయి. అవేమవుతాయి? – ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

అదే డిస్ట్రిక్ట్‌లో వేరే బడికైతే డబ్బు పిల్లలతోనే వెళ్తుంది. డిస్ట్రిక్ట్ మారితే వెళ్లదు. బడి వదిలేముందే వాపసు ఫారం వేయండి, చెక్కు కొత్త చిరునామాకు పంపమనండి. మీ పిల్లల్లో ఇంకొకరు పాత డిస్ట్రిక్ట్‌లోనే కొనసాగుతుంటే నిల్వను వాళ్ల అకౌంట్‌కు మార్చమనడం అన్నిటికంటే తేలిక.